అమ్మ గొంతులో ప్రకటన

“ఇది అమ్మ ముద్ద. ఇది నాన్న ముద్ద. ఇది నాయనమ్మ ముద్ద. ఇది అత్త ముద్ద...”

మోక్షిత బుగ్గ నిండా పప్పన్నం పెట్టుకుని వింటోంది. ముద్ద కలిపి నోటికి అందిస్తున్నది సత్యవేణే గానీ, ముద్దల పేర్లు చెబుతున్నది ఆమె కాదు. గోడకి చేరేసి పెట్టిన పలుకుపలక అనే తెర చెబుతోంది. గొంతు మాత్రం అచ్చంగా సత్యవేణిదే.

“ఇది టింగా ముద్ద!” అంది పలక, ఊరిస్తూ.

“తింగా!” అని ఎగిరింది మోక్షిత. నోట్లో మెతుకులు సత్యవేణి మీద పడ్డాయి.

టింగా అంటే పొట్లాల్లో వచ్చే నూడుల్స్. దాని బొమ్మ పలక మీద తళుక్కున మెరిసి మాయమైంది. సత్యవేణి చెంగుతో మెతుకులు తుడుచుకుంది. మూడేళ్ళు నిండినా ఒక్క మాట పలకని పిల్ల ఇవాళ పొట్లం పేరైనా పలుకుతోంది కదా అని సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకున్నంత సేపు పట్టలేదు, గుండెల్లో మళ్ళీ ఏదో గుచ్చుకోవడానికి.

ఆ పలక వాళ్ళింటికి ఊరికే వచ్చింది. మాటలు ఆలస్యమైన పిల్లలున్న ఇళ్ళకి ‘చిగురు’ అనే కంపెనీ వాళ్ళు పంచిపెట్టారు. కొన్నాళ్ళు వాడి చూడండి, పిల్లకెలా ఉందో మాకు చెప్పండి, అంతే అన్నారు. తల్లి గొంతు నేర్చుకుని అదే గొంతుతో రోజంతా బిడ్డతో మాట్లాడడం దాని పని. బిడ్డ పెదవి కాస్త కదిలితే చాలు, ఏ మాట కోసం తడుముకుంటోందో పసిగట్టి సగం మాట అందించేది. మిగతా సగం పూర్తిచేసేదాకా ఓపికగా ఆగేది. విసుగూ కోపమూ తెలియని తల్లి అన్నమాట. దానికి పొయ్యి మీద కూర మాడదు, నరసాపురం షావుకారికి అప్పజెప్పాల్సిన లేసు అల్లిక మిగిలిపోదు.

పలక తెచ్చిన రోజు కంపెనీ తరఫున వచ్చిన హైమవతి మేడం ఒక అచ్చు కాగితం సత్యవేణి చేతిలో పెట్టింది. “ఇది గట్టిగా చదవండి. మీ గొంతు నేర్చుకుంటుంది.”

సత్యవేణి బడి ఎనిమిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. లేసు దారం చేతికొచ్చాక పుస్తకం మళ్ళీ ముట్టలేదు. రెండు వరుసలు చదివేసరికి నాలుక తడబడింది, చెవులు వేడెక్కాయి. అత్త గంగారత్నం పక్కనే కూర్చుని చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

“ఆ చదువులెందుకండీ మేడంగారూ?” అని అత్తే అడ్డం పడింది. “పిల్లకి అన్నం పెట్టేటప్పుడు మా కోడలు ఎన్ని కబుర్లు సెబుతాదో! ఆ పెట్టెని పక్కనెట్టుకోండి, అదే వింటాది.”

హైమవతి మేడం ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. అలా వారం పాటు అన్నం వేళల్లో పలక సత్యవేణి పక్కన కూర్చుంది. అమ్మ ముద్ద, నాన్న ముద్ద. ఇది తింటే పిచ్చుక వస్తుంది. ఇది తింటే కొత్త గౌను కొంటా. బంగారు కొండవి కదూ, ఇంకొక్క ముద్ద, ఇదే ఆఖరు. ఆఖరని చెప్పి మళ్ళీ ఇంకోటి. పిల్లలకి అన్నం పెట్టే ఏ తల్లి చెప్పే మాటలైనా అవే. పలక అన్నీ శ్రద్ధగా విని పట్టేసింది.

తర్వాత నెల తిరక్కుండానే మోక్షిత “అమ్మా” అంది. వంటింట్లో ఉన్న సత్యవేణి గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పిల్ల వీపు ఆమె వైపు ఉంది. ముఖం పలక వైపు ఉంది. దాన్ని చూసే అంది “అమ్మా” అని.

గంగారత్నం ఆనందం పట్టలేక వీధిలో అందరికీ చక్కెర పంచింది. సత్యవేణి కూడా నవ్వింది. ఆ నవ్వు వెనక ఏముందో ఎవరికీ చెప్పలేదు. చెబితే, పెట్టె మీద కుళ్ళుకునే తల్లిని ఎక్కడా చూళ్ళేదంటారని భయం.

ప్రకటనలు ముందు అప్పుడప్పుడే వచ్చేవి. పాట అయ్యాక ఒకటి, కథ మధ్యలో ఒకటి. సత్యవేణి చెల్లెలి చేత చదివించుకుని పలకలో ఉన్న మీటలన్నీ నొక్కి చూసింది. ఆపే మీట ఎక్కడా లేదు. పోనుపోను అవి పాటకీ కథకీ మధ్య రావడం మానేసి, మాటల్లోనే కలిసిపోయాయి.

ఒకరోజు భర్త పెద్దిరాజు ఐసు ఫ్యాక్టరీ నుంచి వస్తూ చిలక బొమ్మ సబ్బు తెచ్చాడు.

“ఇదెందుకండీ?” అంది సత్యవేణి.

“ఎందుకేంటే? తెమ్మన్నది నువ్వే కదా!”

“నేనెప్పుడన్నాను?”

“పొద్దున్న తడికెనక నేను స్నానం చేస్తంటే, ‘నాన్న వచ్చేటప్పుడు చిలక సబ్బు తెస్తాడు, కదూ మోక్షీ’ అన్లేదూ? నేను ‘అలాగేలే’ అని కేక కూడా వేశాను.”

“పొద్దున్న నేను వీధి కుళాయి దగ్గరున్నానండీ.”

ఇద్దరూ ఒకేసారి పలక వైపు చూశారు. పెద్దిరాజు ముందు పగలబడి నవ్వాడు. “అయితే నేను బదులు పలికింది దానికన్నమాట! కాపరం కూడా దాంతోనే చేసేత్తన్నాన్రా దేవుడా!” అన్నాడు. సత్యవేణికి నవ్వు రాలేదు. కట్టుకున్న మనిషికే తేడా తెలియలేదు. పసిదానికేం తెలుస్తుంది?

ఆ తర్వాత మోక్షితకి జ్వరం తగిలింది. సత్యవేణి జావ కాచి, చల్లార్చి, చెంచాతో నోటి దగ్గర పెట్టింది. పిల్ల ఏడుపు మొదలెట్టింది.

“తింగా... తింగా ఇత్తానన్నావ్!”

“నేననలేదు తల్లీ. జ్వరంలో అవి తినకూడదు.”

“నువ్వే అన్నావ్! అమ్మ అన్నావ్!”

అంతకు ముందే పలక అని ఉంటుంది, సత్యవేణి జావకి నీళ్ళు పెట్టిన వేళ. మోక్షిత చెంచా వంక చూడలేదు. తల్లి ముఖంలోకే చూసి ఏడ్చింది. అంతలేసి కళ్ళల్లో నమ్మకం విరిగిన చూపు ఉంది. అన్నం దగ్గరి బుజ్జగింపులు పక్కన పెడితే, సత్యవేణి అన్న మాట తప్పే మనిషి కాదు. తీరనిది ఏదైనా సరే, పిల్లకి ఇస్తానని గట్టిగా చెప్పిన పాపాన పోలేదు. ఇప్పుడు తను అనని మాటలకి రోజూ తప్పుతూ బతకాల్సి వస్తోంది.

“ఇవ్వనిదానివి ఎందుకు మాటిత్తావే పిల్లకి?” అంది గంగారత్నం గుమ్మంలోంచి.

“మీరు కూడానా అత్తయ్యా!” అంది సత్యవేణి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

హైమవతి మేడం పిల్లని చూడడానికి వచ్చినప్పుడు సత్యవేణి ధైర్యం చేసి అడిగింది. “మేడం, ఆ ప్రకటనలు ఒక్కటీ తీసెయ్యరూ? మిగతాదంతా ఉంచండి.”

మేడం కసురుకోలేదు. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. “మోక్షితకి చెవులు బాగున్నాయి, నాలుక బాగుంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదో తెలుసా? తనకి ఏదీ అడగాలనిపించలేదు. అడక్కముందే మీరు అన్నీ అందించేవారు. ఈ పలక ముందు కోరిక పుట్టిస్తుంది. కోరిక పుడితే నోరు తెరుచుకుంటుంది. ఆ కోరిక బిస్కెట్ మీదైతే ఏం, నూడుల్స్ మీదైతే ఏం? మాట వచ్చింది కదా.”

“అది నా గొంతుతో ఆశపెడుతోందండీ.”

“మీ గొంతు కాబట్టే పని చేస్తోందమ్మా.”

తను అన్నీ అందించేయబట్టే పిల్లకి మాట రాలేదన్న మాట సత్యవేణిలో ముల్లులా దిగబడిపోయింది. బిడ్డ ఎక్కడ పడుతుందో, ఎక్కడ ఏడుస్తుందో అని కనిపెట్టుకుని ఉండడం తప్పా?

పాలకొల్లు బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే జిలానీ ఉన్నాడు. సత్యవేణి సంచిలో పలకా, చంకలో పిల్లా పెట్టుకుని వెళ్ళింది. కంపెనీ వాళ్ళు చేతికిచ్చిన వస్తువుని విప్పిస్తున్నానని దారంతా దడే.

జిలానీ పలక వెనక మూత తీసి సన్నటి తీగ తగిలించాడు. పక్కనున్న కంప్యూటరు తెర మీద గీతలు లేచాయి. మీట నొక్కితే సత్యవేణి గొంతు “ఇది బుజ్జి మేక ముద్ద” అంది. గీతలు కొండల్లా లేచి పడ్డాయి.

“మామూలు ఫోన్లలో ప్రకటనలు వేరే గదిలో ఉంటాయి చెల్లెమ్మా. తాళం వేసేస్తే సరి. దీంట్లో గోడలోనే కలిపేశారు.” అతను తెర మీద వేలు పెట్టి చూపించాడు. “ఇదిగో, ‘బంగారు కొండవి కదూ’ అన్నది మీరు. ‘టింగా తిందామా’ అన్నది అది. రెండిటి మధ్యా అతుకు కనిపిస్తోందా? లేదు. మీ గొంతులోంచే మొలిపించారు.”

“తీయలేమా అన్నయ్యా?”

“సరుకుల పేర్లు ఏరి చెరిపేస్తాను. ముందు అది చూద్దాం.”

సాయంత్రం దాకా కూర్చుని ఒక్కో పేరూ చెరిపాడు. టింగా, చిలక సబ్బు, బుడగల టూత్‌పేస్టు, ఇంకా సత్యవేణి ఎన్నడూ వినని పేర్లు బోలెడు. బెంచీ మీద నిద్రపోయిన మోక్షితని భుజాన వేసుకుని, తేలికైన మనసుతో సత్యవేణి బస్సెక్కింది.

మర్నాడు అన్నం వేళ పలక మొదలెట్టింది. “ఇది అమ్మ ముద్ద. ఇది నాన్న ముద్ద. ఇది...”

ఆగింది. పేరు చెరిగిన చోట ఖాళీ మిగిలిపోయింది. పలక తన అలవాటు ప్రకారం, పిల్ల మాట పూర్తిచేస్తుందని ఓపికగా ఎదురుచూసింది.

“తింగా!” అంది మోక్షిత.

“శభాష్ బంగారం! ఎంత బాగా చెప్పావో!” అంది పలక, సత్యవేణి గొంతుతో.

సత్యవేణి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పలకలో చెరిపిన పేర్లన్నీ పిల్లలోకి వెళ్ళి కూర్చున్నాయి. ఇప్పుడు అది ప్రకటన చెప్పక్కర్లేదు. ఖాళీ వదిలితే చాలు.

రెండ్రోజులకి మోక్షిత వాకిట్లో పరిగెడుతూ బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. సత్యవేణి లేసు విసిరేసి, రెండు చేతులూ చాచుకుని పరిగెత్తింది. పిల్ల ఏడుస్తూ లేచి ఆమె వైపే వచ్చింది. వచ్చి, ఆమె పక్కనుంచే దాటుకుని ఇంట్లోకి పోయి, పలక ముందు కూలబడి మోకాలు చూపించింది.

“అయ్యో, నా తల్లే! నొప్పా?” అంది పలక. “మనం మంచి... పట్టీ వేసుకుందామా?” పేరు లేని చోట మళ్ళీ ఆగి ఎదురుచూసింది.

వాకిట్లో సత్యవేణి చేతులు ఇంకా చాచే ఉన్నాయి. కాసేపటికి గుర్తొచ్చి కిందకి దించుకుంది. ఆ సాయంత్రం అందరూ ఉండగా చెప్పేసింది, పలకని మొత్తం ఖాళీ చేయించేస్తానని.

“మతుండే మాట్లాడతన్నావా?” గంగారత్నం గయ్యిమంది. “మూడేళ్ళు మూగదన్నారే నా మనవరాల్ని! పెళ్ళిళ్ళల్లో నా మొహం మీదే అన్నారు. దాని పున్నెమా అని నాలుగు మాటలొచ్చాయి. కొనమంటే కొనిపెట్టు, లేదంటే పిల్లని ఏడవనీ. ఏడ్చినా మాటలతోనే ఏడుత్తంది కదా!”

పెద్దిరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “మాటలు మళ్ళీ పోతే?” అన్నాడు చిన్నగా. వెక్కిరింపుకి కాదు, అతనికీ అదే భయం.

“పోవచ్చండీ,” అంది సత్యవేణి. “పోతే నాదే తప్పు. ఎంత తిట్టినా పడతాను.”

మళ్ళీ పాలకొల్లు వెళ్తే, జిలానీ ఈసారి తెర మీద గీతల్ని మొదటిదాకా వెనక్కి జరిపి చూశాడు. “మొదట దీనికి గొంతు ఇచ్చినప్పుడు ఏం మాట్లాడారు చెల్లెమ్మా?”

“ఏముందన్నయ్యా, పాపకి అన్నం పెట్టాను. చదవడం రాక.”

“అదీ సంగతి.” కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. “మీరు బుజ్జగిస్తుంటేనే విన్నది ఇది. ఊరించడం, ఇస్తాననడం, ఇంకొక్కటి ఇంకొక్కటి అనడం. మీ గొంతులో దానికి తెలిసింది ఆ ఒక్క విద్యే. దాని మీదే కట్టుకుంటూ పోయారు. ఆశపెట్టే ముక్క లాగేస్తే మీ గొంతంతా పోతుంది. తర్వాత ఇది బొమ్మలు గీసుకునే వట్టి పలక. మళ్ళీ కావాలన్నా రాదు. తీసేయమంటారా?”

మోక్షిత బెంచీ మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. సత్యవేణి పిల్లని దగ్గరకి లాక్కుని, రెండు చెవుల మీదా చేతులు పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలియదు. “తీసెయ్యన్నయ్యా,” అంది.

తెర మీద కొండలు ఒక్కటొక్కటే చదునయ్యాయి. ఆఖర్న గొంతు “ఇది...” అని మొదలెట్టి, మధ్యలోనే ఆగిపోయింది. తన చావు తను విన్నట్టైంది సత్యవేణికి.

ఇంటికొచ్చాక మోక్షిత పలకని తట్టింది. తెర వెలిగింది, మాట రాలేదు. చెవి ఆనించి విన్నది. “అమ్మా” అని పిలిచింది దాన్ని. “నేనిక్కడున్నాను తల్లీ” అంది సత్యవేణి వెనకనుంచి. పిల్ల వెనక్కి తిరగలేదు. ఇంకోసారి పిలిచి, ఊరుకుంది.

అదే ఆఖరి మాట. ఆ తర్వాత రోజుల తరబడి పిల్ల నోరు విప్పలేదు. పెట్టింది పెట్టినట్టు మింగేది. ఏది అందిస్తే అది పట్టుకునేది. ఏడవడం కూడా మానేసింది. కాయగూరలవాడు వీధిలో కేకేస్తే గడపదాకా వెళ్ళి చూసి వచ్చేది, అంతే. గంగారత్నం కోడలితో మాట్లాడడం మానేసింది. హైమవతి మేడం వచ్చి, ఖాళీ పలకని చూసి, “తొందరపడ్డారమ్మా” అని మాత్రం అని, దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సత్యవేణి ఆ నిశ్శబ్దం భరించలేక తనే మాట్లాడడం మొదలెట్టింది. పలక పోయిన చోట తను మాట్లాడకపోతే పిల్ల ఏమైపోతుందోనని భయం. కానీ నోరు తెరిస్తే కబుర్లు రాలేదు. ముద్దల పేర్లు గొంతులోనే అడ్డం పడేవి. అవి తనవేనో, పలకవో తెలియని అసహ్యం. వచ్చేవన్నీ దడ మాటలే. నూతి దగ్గరికి వెళ్ళొద్దు. మట్టి తినొద్దు. పొయ్యి ముట్టుకోవద్దు. కుక్క దగ్గరికి వద్దు వద్దు వద్దు. పొద్దస్తమానం అదే గోల. గొంతు బొంగురుపోయింది. పలకలోని గొంతు ఎంత తీయగా ఉండేదో, తన అసలు గొంతు అంత గరుకుగా వినిపించేది తనకే. ఈ గొంతు వినడం ఇష్టం లేకే పిల్ల మాట మానేసిందేమో అని కూడా అనుకుంది.

ఒక మధ్యాహ్నం, మబ్బు పట్టి ఇంట్లో చల్లగా ఉంది. సత్యవేణి బీరకాయ పప్పు కలిపి మోక్షిత ముందు కూర్చుంది. గుమ్మం దగ్గర గంగారత్నం బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సత్యవేణి అలిసిపోయి ఏమీ మాట్లాడలేదు. ఊరికే ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. పిల్ల తిన్నది. ఇంకోటి పెట్టింది. తిన్నది. మూడో ముద్దకి మోక్షిత పెదాలు బిగించింది.

సత్యవేణి ముద్ద అక్కడే పట్టుకుని చూసింది. పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. చిన్న చెయ్యి లేచి తల్లి మణికట్టు మీద పడి, దాన్ని అవతలికి నెట్టింది.

“వద్దు,” అంది మోక్షిత.

గుమ్మం దగ్గర చాట చప్పుడు ఆగిపోయింది.

“వద్దు వద్దు వద్దు!” అంది మళ్ళీ, గట్టిగా, తల్లి కళ్ళల్లోకి చూస్తూ. అందులో తీపి లేదు. ఊరింపు లేదు. బొంగురుగా, తొందరతొందరగా, చివర కాస్త పైకి లేచి, కుక్క దగ్గరికి పోయే పిల్ల వెనక పరిగెత్తేటప్పుడు సత్యవేణి అరిచే అరుపులా అచ్చంగా ఉంది.

వందల మాటలు నేర్పిన ఆ పలక ఈ ఒక్క మాటా నేర్పలేదు. దానికది అక్కర్లేదు.

“ఏంటంటాదే?” గంగారత్నం చాట కింద పెట్టి లేచి వచ్చింది. చాలా రోజుల తర్వాత కోడలితో అన్న మొదటి మాట అది. “రెండు ముద్దలేగా తిన్నాది! ఇంకొక్కటి పెట్టవే, బుజ్జగించి పెట్టు!”

సత్యవేణి పిల్ల ముఖం వైపే చూస్తూ తల అడ్డంగా ఊపింది.

“వద్దందిగా అత్తయ్యా,” అని, ముద్దని తిరిగి కంచంలో పెట్టేసింది.